రోడ్డంటే బస్సే

సాగర్ హైవే పక్కన నర్మద పడి ఉంటే, రెండు కంపెనీ బస్సులు ఆమెను తప్పించుకుని వెళ్లిపోయాయి. తోడొచ్చిన తల్లి సుక్కమ్మ చెయ్యెత్తింది, కొంగు ఊపింది. అద్దాల వెనక మనుషులు తలలు తిప్పి చూశారు గానీ బస్సు ఆగలేదు. చివరికి ఒక ఆటో ఆగింది. అప్పటికే బిడ్డ చెయ్యి చల్లబడింది.

ఆదిభట్లలో ఊడ్చే పనికి పోయే పిల్ల. తమ ఊరు రేగడిబాయికి వచ్చే ఆరింటి బస్సు బంద్ అయ్యాక, రోజూ హైవే దాకా నాలుగు కిలోమీటర్లు నడిచేది. ఆ పొద్దు మంచులో లారీ గుద్దింది.

అప్పటినుంచీ తెల్లవారితే చాలు, సుక్కమ్మకు బిడ్డ చెప్పుల చప్పుడు వినబడుతుంది. ఆ చప్పుడు వాకిట్లోంచి బస్సు షెడ్డు దాకా పోయి అక్కడ ఆగిపోతుంది. "నీ చెవుల గాలి దూరింది," అంటాడు భర్త దానియేలు. అంటూనే తనూ లేచి వాకిట్లో కూర్చుంటాడు.

మూడు నెలలకు ఊరికి రోడ్ల ఆఫీసు పెద్ద సారు వచ్చాడు. బడి ముందు షామియానా వేశారు. ఆరు వరుసల కొత్త రహదారి పడుతుందట, అరవై ఇళ్ల భూములు పోతాయట. జనం గొల్లుమన్నారు.

"మీరే అడిగిండ్రు గదా," అని సారు ఒక అర్జీ తీశాడు. "అందరి వేలిముద్రలు ఉన్నయి."

డిగ్రీ చదివి అప్పుడే ఊరికొచ్చిన వినోద్ కుమార్ దాన్ని అందుకుని పైకి చదివాడు. "మా ఊరికి రోడ్డు కావాలె."

మొదటి ముద్ర సుక్కమ్మదే.

ఎట్లయిందో చెప్పాలి. తాతలనాడు ఆ ఊరికి కంకర దారీ బస్సూ ఒక్కరోజే వచ్చాయి. దారిని సడక్ అన్నారు, బస్సును రోడ్డన్నారు. ఆ మాటే నిలిచిపోయింది. "ఆరింటి రోడ్డు పోయిందా?" "రోడ్డు ఖాళీగుండె, సీటు దొరికింది." ఇట్లాగే మాట్లాడుకుంటారు. నర్మద పోయిన పదోరోజు మోతుబరి జగదీశ్వర్ వచ్చి, "రోడ్డు కోసం అర్జీ పెడదాం సుక్కమ్మా," అన్నాడు. ఇంకొకరి బిడ్డ నడవొద్దని ఆ తల్లి వేలిముద్ర వేసింది. ఇల్లిల్లూ తిరిగి అందరిచేతా వేయించింది.

"నువ్వే గదనే వేయించినవ్," అంది శంకరమ్మ. "నా ఎకరం పాయె."

"అవ్, నేనే." సుక్కమ్మ లేచి నిలబడింది. "సారూ, ఆ సడక్ మీదికి మేమెట్ల ఎక్కాలె?"

"తుక్కుగూడ దిక్కు పోయి ఎక్కాలె. కారుంటే పట్నం అర్ధగంట."

"నడిచెటోళ్లు?"

"నడవనియ్యరు. ఆటోలు గూడ బంద్. కంచె ఉంటది."

"బస్సు?"

"మీ ఊరికాడ ఆగది."

"ఊర్ల కార్లెన్నున్నయే?" అని అడిగాడు వినోద్ కుమార్.

"రెండున్నర," అన్నారెవరో. "ఐలేష్‌ది నూకితెనే నడుస్తది."

నవ్వారు. నవ్వు తొందరగానే ఆగిపోయింది.

"మేమడిగింది బస్సు," అంది సుక్కమ్మ. "పొద్దుగాల రెండు, మాపటికి రెండు. నా బిడ్డ చచ్చి అడిగింది గది. మా ముద్రలు మాకియ్యి."

"రోడ్డంటే రోడ్డే," అన్నాడు జగదీశ్వర్. "మీకు మాట తెల్వకుంటే నేనేం జేయాలె?"

"మొన్నటిదాక నీ నోట్లె గూడ బస్సే రోడ్డు, పటేలా. సడక్ పక్కన ప్లాట్లు కొన్నంక మాట మారింది."

శంకరమ్మ వచ్చి సుక్కమ్మ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వెళ్లి సారు బండి ముందు కూర్చున్నారు. వాళ్ల వెనక ఊరంతా కూర్చుంది.

మధ్యాహ్నానికి పోలీసు బస్సు వచ్చింది.

"పట్కపోయేటోళ్ల లిస్టుల ఎనిమిదిమందే," అన్నాడు కానిస్టేబులు.

"ముద్రేసినోళ్లం అందరం నేరస్తులమే," అని వినోద్ కుమార్ అందరినీ ఎక్కించాడు.

సుక్కమ్మ కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద దస్తీ గుడ్డ పరిచింది.

"ఎవరికవ్వా?" అన్నాడు కానిస్టేబులు.

"నా బిడ్డకు."

లోపల ఇసుక వేస్తే రాలనట్టు జనం. ఆ సీట్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు.

ఇబ్రహీంపట్నం స్టేషన్ ముందు దిగమంటే ఒక్కరూ దిగలేదు. "రేపు ఆరింటికి మా ఊరికి బస్సొస్తదని రాసియ్యుండ్రి, దిగుతం," అన్నారు.

సాయంత్రమైంది. ఆదిభట్లలో పని దిగిన ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలతో ఇంటికి పోతూ స్టేషన్ గేటు బయట ఆగారు. సంగతి విన్నారు. ఒకరి వెనక ఒకరు లోపలికొచ్చి బస్సెక్కడం మొదలుపెట్టారు. ఎక్కిన ప్రతి మనిషీ ఆ దస్తీని చూసి, దాటుకుని పోయి, వెనక నిలబడింది.