చెట్టుకు జ్ఞానతల్లి

చచ్చిపోయిన మొగుడి విషయంలో కూడా అసూయ పడే ఆడదాన్ని మీరు చూసి ఉండకపోతే నన్ను చూడండి. నా పేరు అరుణ. మాది మేళ్లచెరువుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. నా భర్త భిక్షపతి సిమెంటు లారీ నడిపేవాడు. పోయినేడు ఫిబ్రవరిలో గుండె ఆగి పోయాడు. ఇక నా అసూయంతా ఆయన అక్క సాలమ్మ మీద.

అత్త చనిపోయినప్పుడు ఆయనకు మూడేళ్లు, సాలమ్మకు పదమూడు. తల్లి లేని పిల్లాణ్ని చంకనేసుకుని పెంచింది. నేను కాదనను. ఊరంతా ఆ సంగతే చెప్పుకునేది, నేనూ ఇరవై రెండేళ్లు వింటూనే ఉన్నాను. ఆమెకు పిల్లల్లేరు. మొగుడు పెళ్లయిన ఐదేళ్లకే పోయాడు. అందుకని ఆమె బతుకంతా మా ఇంటి గడప దగ్గరే తిరిగేది. నేను పొద్దున లేచి చేపల పులుసు పెడితే, సరిగ్గా అన్నం వడ్డించే వేళకు ఆమె చింతచిగురు పప్పు డబ్బా పట్టుకుని వచ్చేది. ఆయన ముందు ఆ డబ్బా మూతే తీసేవాడు. క్రిస్మస్‌కు ఆమె కొన్న చొక్కా గుడికి తొడిగేవాడు, నేను కొన్నది లారీ మీదికి తొడిగేవాడు. అడిగితే, "లారీ మీద పదారు గంటలుంట, గుళ్లె గంటనే ఉంట. ఎవరి అంగి ఎక్కువసేపు తొడిగిన?" అనేవాడు. మాటకారి. నవ్వు వచ్చేది, మంట మాత్రం ఆరేది కాదు.

అసలు దెబ్బ సూర్యాపేట దవాఖానలో తగిలింది. రాత్రంతా మంచం పక్కన నిలబడి ఆయన కాళ్లు నేనే నొక్కాను. తెల్లవారాక కళ్లు తెరిచి నా వైపు చూశాడు. "అక్క వచ్చిందా?" అని అడిగాడు. అంతే, మళ్లీ మాట్లాడలేదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా సాలమ్మకు చెప్పలేదు. చెబితే అది కూడా ఆమెదే అయిపోతుంది కదా.

మా విచారణకు, అంటే మా గుడి కింది క్రైస్తవ కుటుంబాలన్నిటికీ, గురువు ఫాదర్ జయరాజు, ఆయనది కోదాడ. వయసు ముప్పై దాటి ఉండదు. వచ్చిన ఏడాదికే మా సమాధుల దొడ్డి మీద ఆయన కన్ను పడింది. అక్కడ కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. ఒకరు టైల్స్ వేయిస్తే ఇంకొకరు నల్లరాయి వేయించారు, ఆ పక్కవాళ్లు గొడుగులాగా స్లాబు పోయించారు. వాన పడితే చుక్క నీరు భూమిలోకి దిగదు, రోడ్డు మీదికి పారిపోతుంది. పక్కనున్న బోరింగు రెండు వేసవుల నుంచీ గాలే కక్కుతోంది. ఈస్టర్ అయిన మరుసటి ఆదివారం ఆయన పీఠం దగ్గర నిలబడి చెప్పారు. "ఇక నుంచి సమాధి మీద సిమెంటు వద్దు. మట్టి, దాని మీద ఒక చెట్టు. దేవుడు చేసిన నేలను కప్పేసి దేవుడికి దండం పెట్టడం నాకైతే సిగ్గుగా ఉంది."

సగం ఊరు సిమెంటు తిని బతుకుతోంది. ఆ ఊళ్లో సిమెంటు బంద్ అంటే ఎలా ఉంటుంది? వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి. కానీ ఫాదర్ వెనక్కి తగ్గలేదు. గుడి రేకుల మీద పడే వాన నీళ్లు పట్టడానికి దొడ్డి మూల పెద్ద తొట్టి కట్టించారు. సమాధుల చెట్లకు ఆ నీళ్లే. ఇంకా సిమెంటు పడని సమాధులు పదకొండు, అందులో మా ఆయనది ఒకటి. జూన్‌లో తొలకరి పడగానే, ఒకటి ఎక్కువే ఉండనీ అని పన్నెండు వేపమొక్కలు తెప్పించారు. పిల్లలకు జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు జ్ఞానతల్లి ఉన్నట్టే, ప్రతి చెట్టుకూ కుటుంబంలో ఒకరు జ్ఞానతల్లో జ్ఞానతండ్రో కావాలన్నారు. ఒక్కరే. చెట్టు బాధ్యత వాళ్లది. నవంబరులో సమాధుల పండుగ నాడు పోయినవాళ్ల పేరుతో పాటు వాళ్ల పేరు కూడా గుడిలో చదువుతారు.

పేర్లు రాసే రోజు సాలమ్మ నాకన్నా ముందే వచ్చి కూర్చుంది.

"నేను పెంచినోడు ఫాదర్. చెట్టును గూడ నేనే పెంచుత," అంది.

"నేను కట్టుకున్నదాన్ని," అన్నాను నేను.

ఫాదర్ ఇద్దరినీ చూశారు. కాసేపు పెన్ను మూత తీశారు, పెట్టారు. చివరికి భార్య కదా అని నా పేరు రాశారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ముండమోసిన మనిషికి ఉండకూడనంత. ఇరవై రెండేళ్లలో మొదటిసారి మా ఆయన నాకు ఒక్కదానికే దక్కాడు.

ఆ సంతోషం మర్నాటి పొద్దుటి దాకే. బిందె నింపుకుని పోయేసరికి మొక్క పాదు అప్పటికే తడిగా ఉంది. పాదు చుట్టూ వేళ్లతో నున్నగా మెత్తిన గుర్తులు. ఎవరి వేళ్లో నాకు చెప్పాలా? పొద్దుటి పూజకు ముందే వచ్చి పోసి వెళ్లింది. నేరుగా ఆమె ఇంటికే పోయాను.

"వదినా, చెట్టు ఎవరి పేరు మీద ఉన్నది?"

"నీ పేరు మీదనే ఉన్నది. నువ్వు జ్ఞానతల్లివైతే నేను మేనత్తను. మేనత్త బుక్కెడు నీళ్లు పోస్తే పాపమా?"

తిరిగి వచ్చి, తడిగా ఉన్న పాదులోనే నా బిందె కుమ్మరించాను. ఆమె నీళ్ల మీద నా నీళ్లు పడాలి, అంతే.

ఇక మొదలైంది. ఆమె పొద్దున ఒక బిందె పోస్తే నేను సాయంత్రం రెండు పోశాను. అది తెలిసి ఆమె రెండు పోసింది. నేను మూడు పోశాను. జూలైలో ముసురు పట్టింది. మిగతా పది చెట్లవాళ్లూ దేవుడే పోస్తున్నాడని ఇంట్లో కూర్చున్నారు. నేను మాత్రం నెత్తిన గొడుగు, చంకన బిందెతో బురదలో జారుకుంటూ పోయాను. ఎదురుగా గొడుగు, బిందెతోనే సాలమ్మ వస్తోంది. ఇద్దరం ఆగాం.

"వాన పడుతుంది గద," అంది.

"నీకు పడతలేదా?" అన్నాను.

ఎవరి నీళ్లు వాళ్లం పోసి ఎవరి దారిన వాళ్లం పోయాం.

ఆగస్టులో ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలడం మొదలైంది. నేను చూసుకోవడం లేదని ఆమె చుట్టుపక్కల వాళ్లకు చెప్పింది. ఆమె చేపలు కడిగిన నీళ్లు పోస్తోందని నేను చెప్పాను. చెట్టుకు ఇంకా దాహంగా ఉందేమోనని ఇద్దరం ఇంకో బిందె పెంచాం. తొట్టి అడుగంటింది. పూజ అయ్యాక ఫాదర్ గట్టిగానే అడిగారు. "మంచి వానల కాలంలో తొట్టి ఎట్లా ఖాళీ అయింది? ఎవరైనా కడిగి పారబోస్తున్నారా?" నేను తల వంచుకుని చెప్పులు వెతుక్కున్నాను. సాలమ్మ జపమాల తీసుకుంది.

దొడ్డి చూసుకునే మట్టయ్య ఒకసారి నన్ను ఆపాడు. "అక్కా, అది నల్లరేగడి. పోసిన నీళ్లు దిగయి. జర తగ్గించుండ్రి."

"గా మాట ఆమెకు చెప్పు," అన్నాను.

"ఆమెకు చెప్తే నీకు చెప్పుమన్నది."

నేను తగ్గిస్తే ఆ చెట్టుకు పట్టే నీళ్లన్నీ ఆమెవే అవుతాయి. ఆ ఆలోచన వస్తే నాకు అన్నం దిగేది కాదు. తగ్గించలేదు.

సమాధుల పండుగకు ఐదు రోజుల ముందు విచారణ అంతా కలిసి దొడ్డి బాగుచేయడానికి పోయాం. కొడవళ్లు, పారలు, సున్నం బకెట్లతో నలభై మంది ఉంటారు. మిగతా పది చెట్లు నా నడుము దాకా ఎదిగి ఆకులు ఊపుతున్నాయి. మా చెట్టు దగ్గర మట్టయ్య వంగి, రెండు వేళ్లతో లాగాడు. పుల్ల లాగినట్టు వచ్చేసింది. వేళ్లు నల్లగా మెత్తబడి ఉన్నాయి. కుళ్లు వాసన నలుగురికీ తగిలింది.

"నీళ్లు లేక సచ్చిన చెట్లను సూసిన," అన్నాడు మట్టయ్య. "నీళ్లు ఎక్కువై వానకాలంల సచ్చిన చెట్టును గిప్పుడే సూస్తున్న."

సాలమ్మ ఆ మొక్కను అతని చేతిలోంచి తీసుకుంది. అక్కడే మట్టిలో కూలబడి దాన్ని ఒడిలో పెట్టుకుంది. "నేనే సంపిన తమ్మీ, నేనే సంపుకున్న," అని ఏడుపు ఎత్తుకుంది. ఆడవాళ్లందరూ ఆమె చుట్టూ చేరారు. ఒకరు కళ్లు తుడుస్తున్నారు, ఒకరు నీళ్లు తాగమంటున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. చివరికి చంపిన పేరు కూడా ఆమెకేనా?

"నువ్వొక్కదానివే ఎట్ల సంపుతవ్?" అని అరిచాను. "పొద్దున నువ్వు మూడు పోస్తే పొద్దుమీకి నేను నాలుగు పోసిన. లెక్క సూస్తే నేనే ఎక్కువ సంపిన!"

"నాలుగెక్కడివి? మూడే నీవి. నేను సూసిన."

"నాలుగు! నువ్వు పోయినంక ఇంకోటి పోసిన!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు విన్నాక గానీ మేమేం మాట్లాడుకుంటున్నామో నాకు తెలియలేదు. ఆయన మట్టి మీద నిలబడి, ఆయన చెట్టును నేనెక్కువ చంపానంటే నేనెక్కువ చంపానని కొట్లాడుకుంటున్నాం.

ఫాదర్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "ఇంకొక్క మొక్క మిగిలింది," అన్నారు. "ఇవాళే నాటుదాం. కానీ మీ ఇద్దరిలో ఒకరే రావాలి. రెండోవాళ్లు వచ్చే వానల దాకా ఈ గేటు దాటొద్దు. వారానికి ఒక్క బిందె. ఎవరు మానుకుంటారో మీరే చెప్పండి."

నేను నోరు తెరిచేలోపే సాలమ్మ లేచింది. చీరకు అంటిన మట్టి దులుపుకుంది.

"నేను రాను ఫాదర్. అరుణకే ఇయ్యుండ్రి. చెట్టు బతికితే నాకు సాలు."

ఆ మాట అని, వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్లిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు అబ్బా ఎంత పెద్ద మనసు అన్నట్టు చూశారు. మొక్క నా చేతికి వచ్చింది. గెలిచిందాన్ని నేనే. మరి ఓడిపోయినట్టు ఎందుకుంది? ఎందుకో నాకు తెలుసు. ఇచ్చేయడంలో కూడా ఆమె నాకన్నా ముందే ఉంది.

మొక్క నాటి ఒక బిందె పోశాను. మళ్లీ వారానికి గానీ పోయకూడదు. మర్నాడు పొద్దున లేవగానే కాళ్లు దొడ్డి వైపే పోయాయి. చూసి వద్దామనే పోయాను, చెంబెడు పోసి వచ్చాను. ఆ మర్నాడు రెండు చెంబులు. పోటీకి ఎవరూ లేరు, పాదు తడిగానే ఉంది, అయినా నా చెయ్యి ఆగలేదు. మూడో రోజు, తొట్టి నీళ్లు ముడితే తెలిసిపోతుందని, ఇంటి నుంచే నిండు బిందెతో బయల్దేరాను. దొడ్డికి పోవాలంటే సాలమ్మ ఇంటి ముందు నుంచే పోవాలి. ఆమె గడప మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ గట్టిగా ఒళ్లో ముడుచుకుని, దొడ్డి వైపే చూస్తోంది. నా చంకలో బిందె చూసింది. అది నిండుగా ఉందని చూసింది. పెదవి బిగించింది గానీ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

నేను వెనక్కి తిరిగాను. బిందెను దారి పక్కన ముళ్లపొదలో కుమ్మరించి గుడికి పోయాను. ఫాదర్ పండుగ పేర్లు రాసుకుంటున్నారు.

"పేరు మార్చుండ్రి ఫాదర్. సాలమ్మ అని రాయుండ్రి."

"ఏమైందమ్మా? మళ్లీ గొడవా?"

"గొడవ కాదు. ఆమెకు ఆగడం వస్తది. నాకు రాదు. నా చేతిల ఉంటే ఇది గూడ సస్తది."

ఆయన జాబితాలో వేలితో మా వరుస వెతికారు. తర్వాత నా పేరు కొట్టేశారు. ఆ గీత గీస్తుంటే నా మెడ మీదే గీసినట్టనిపించింది. కానీ ఆయన చేయి పట్టుకుని ఆపలేదు.

పండుగ నాడు దొడ్డి నిండా కొవ్వొత్తులు. గుడిలో ఫాదర్ ఒక్కొక్క పేరే చదువుతున్నారు. "భిక్షపతి చెట్టు, జ్ఞానతల్లి సాలమ్మ." ముందు బెంచీలో ఉన్న ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. నేను ఆమె కళ్లలోకి చూడలేక పాటల పుస్తకం తెరిచాను. బయటికి వచ్చాక నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"గిదేం పని అరుణా?"

"వారానికి ఒక్క బిందె వదినా. ఒక్క చుక్క ఎక్కువ పోసినా ఊరుకోను."

ఏడాది దాటింది. చెట్టు ఇప్పుడు నా భుజాల దాకా వచ్చింది. వానలు వచ్చాయి కాబట్టి నేనూ గేటు దాటొచ్చని ఫాదరే చెప్పారు. అయినా నేను బయటే నిలబడతాను. ఆదివారం పూజ అయ్యాక సాలమ్మ ఒక్క బిందె తీసుకుని లోపలికి పోతుంది. మెల్లగా పోస్తుంది. పోస్తున్నంత సేపూ వంగి చెట్టుతో ఏదో మాట్లాడుతుంది. ఒక్కోసారి నవ్వుతుంది కూడా. ఏం మాట్లాడుతుందో గేటు దాకా వినబడదు. కడుపు మండిపోతుంది. లోపలికి పోయి వినాలనిపిస్తుంది. పోను.