కామాలతో సహా

చదువుకని పరాయి దేశం వచ్చి రెండు నెలలైనా నిండకముందే చిలక మీద దొంగ ముద్ర పడింది. చిలక అన్నది ఇంట్లోవాళ్లు పెట్టిన ముద్దుపేరు. ఒక్కసారి చదివితే చాలు, పాఠమంతా గడగడా ఒప్పజెప్పేస్తుంది కాబట్టి. ఇంజనీరింగ్ దాకా ఆ విద్యతోనే క్లాసు ఫస్టు కొట్టుకొచ్చింది. ఇక్కడ ఆ విద్యే కొంప ముంచింది.

కాంక్రీటు ఎందుకు బీటలు వారుతుందని మొదటి పరీక్షలో అడిగారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, కామాలతో సహా, రెండు పేజీలు దించేసింది. కామా పోతే మార్కు పోతుందన్న భయంలో పెరిగిన పిల్ల మరి. వారం తిరక్కుండా కాలేజీ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. కాపీ కొట్టానని సంతకం పెడితే సున్నాతో వదిలేస్తారట. లేదంటే విచారణ. అక్కడ తప్పని తేలితే చదువు అంతటితో సరి.

"పెట్టేసి రావే తల్లీ," అంది గదిలో ఉండే సీనియర్ అక్క, కుక్కర్ మూత బిగిస్తూ. "కొండను పొట్టేలు ఢీకొంటే పగిలేది ఎవరి తల?"

"చెయ్యని తప్పుకి సంతకం పెట్టడం నా వల్ల కాదక్కా."

"చేతికందిన చదువు పోతుందే."

"పోతే పోనీ. దొంగననిపించుకుని తెచ్చుకున్న పట్టా ఎవరికి చూపించను?"

అంత మాట అని, సంతకం పెట్టకుండా విచారణకే వెళ్లింది.

విచారణ గదిలో బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న ప్రొఫెసర్ ముందు పుస్తకం, పక్కనే ఆమె జవాబు పత్రం, రెండింటి నిండా ఎర్ర గీతలు. జవాబు పత్రం మొదట్లో 'కాపీ' అన్న మాట, దాని కింద సున్నా.

"ఇంతవరకు చెప్పిన పాఠాల్లో ఏ పేజీ అయినా అడగండి సార్," అంది చిలక.

ఆయన చిన్నగా నవ్వి, నూట పన్నెండు అన్నాడు. చిలక మొదలుపెట్టింది. రెండో పేరాకి మిగతా ఇద్దరూ పుస్తకం మీదికి వంగారు. బొమ్మ కింద చిన్నక్షరాలు కూడా ఆమె వదల్లేదు.

"చాలు," అన్నాడు ప్రొఫెసర్. "బుర్రలోంచే రాశావు, ఒప్పుకుంటాను. కానీ ఇందులో నీ మాట ఒక్కటీ లేదు. అసలు నీకు అర్థమైందా?"

చిలకకి ఒళ్లు మండింది.

"మా నాన్న తాపీ మేస్త్రీ సార్. స్లాబు పోశాక గోనెపట్టాలు కప్పి పొద్దూ మాపూ తడిపిస్తాడు. తడపకపోతే ఎండకి పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది. లోపలిది ఇంకా పచ్చిగానే ఉంటుంది, దాంతోపాటు ముడుచుకోదు. ఆ లాగుడికే పైన చీలుతుంది. పదేళ్లప్పటి నుంచీ ఆ పట్టాలు తడిపిన చేతులివి."

ప్రొఫెసర్ పుస్తకం మూసేశాడు. "మరి ఇదెందుకు రాయలేదు?"

"మా దగ్గర ఇలా రాస్తే సున్నా వేస్తారు. పుస్తకంలో ఉన్నట్టు రాస్తే మీరు వేస్తున్నారు. వేసుకోండి సార్, ఆ సున్నాకి నేను ఏడవను. కాపీ కొట్టిందన్న మాట మాత్రం నా ఎదుటే కొట్టేయండి. అప్పటిదాకా నేను ఇక్కణ్ణించి లేవను."

ఆయన పక్కవాళ్ల మొహాలు చూశాడు. తర్వాత జవాబు పత్రం దగ్గరికి లాక్కుని ఆ మాట మీద అడ్డంగా గీత గీశాడు. మార్కుల దగ్గర సున్నా అలాగే ఉంచాడు. చిలక లేచి, ఆ సున్నాని తల దించకుండా అందుకుంది.