అమ్మ ముందు నడిచిన దారి

నా పెళ్లి విషయంలో మా అమ్మ నూకమ్మది ఒకటే పద్ధతి. మనిషిని చూడకుండా ఔననదు, చూశాక కాదనకుండా ఉండదు. ఇరవై ఏళ్లలో ఏడుగురు వచ్చారు, ఏడుగురూ వచ్చిన దారినే పోయారు. ఒకతను టీలో రెండుసార్లు చక్కెర అడిగాడు. ఒకతనికి బొటనవేలి గోరు పొడుగు. ఇంకొకాయన, పాపం, గుమ్మంలో చెప్పులు వంకరగా విప్పాడు. చెప్పులే వరసగా పెట్టలేనివాడు పిల్లని ఏం చూసుకుంటాడంది అమ్మ. నేను వంటింట్లో నిలబడి అంతా విన్నాను, ఒక్క మాట అనలేదు. ఇప్పుడు నాకు నలభై ఒకటి. చేతి తొడుగుల ఫ్యాక్టరీలో నా కింద అరవైమంది పనిచేస్తారు, అక్కడ నా గొంతు గేటు దాకా వినబడుతుంది. ఈ మలయ్ దేశంలో, కౌలా సెలంగోర్లో మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చానంటే మాత్రం నోట్లో నాలుక లేనిదాన్ని.

ఎనిమిదో మనిషి తిబన్. భార్య పోయి ఐదేళ్లయింది, పదకొండేళ్ల కూతురుంది, పేరు రుబిని. ఓడల ఇంజన్లు బాగుచేసే పని మీద ఆరేళ్లు నార్వేలో ఉండి వచ్చాడు. తల్లి వైపు తెలుగువాళ్లు, తండ్రి వైపు తమిళులు. తెలుగు కూడబలుక్కుంటూ మాట్లాడతాడు, మధ్యలో నవ్వుతాడు. ఈయన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అంతకంటే సూటిగా చెప్పడం నాకు రాదు.

ఏడుగురి కథా విన్నాక తిబన్ "అయితే ఇంటికి రాను," అన్నాడు. నార్వేలో ఆదివారం వస్తే కుటుంబాలకు కుటుంబాలు కొండల మధ్య చెరువు చుట్టూ నడుస్తాయట. తండ్రి వీపున పసిబిడ్డ, చేతికర్రతో ముసలమ్మ, సంచిలో తీపి బన్నులు, ఫ్లాస్కులో కాఫీ. "మనకీ కొండల్లో ఒక చెరువుంది కదా. రెండు గంటల నడక. అమ్మని అక్కడికి తీసుకురా. అక్కడ టీ ఉండదు, గుమ్మమూ ఉండదు."

అమ్మ ఒప్పుకుంటే నాకే ఆశ్చర్యమేసింది. "నడకలో మనిషి ఏటీ దాసుకోలేడు," అంది. బటాంగ్ బెర్జుంటై తోటలో ముప్పై ఏళ్లు రబ్బరు పాలు తీసిన మనిషి ఆమె. పొద్దెక్కేలోగా రోజుకు అయిదువందల చెట్లు. డెబ్బై రెండేళ్లొచ్చి మోకాళ్లు మూలుగుతున్నా, నడక మాట ఎత్తితే ఆమెకు పౌరుషం వస్తుంది.

ఆదివారం ఉదయం ఎనిమిదికి చెరువు దారి గేటు బయట కారు ఆపేసరికి కొండల మీద ఇంకా మంచు తెరలుగా వేలాడుతోంది. తిబన్, రుబిని ముందే వచ్చి నిలబడి ఉన్నారు. అందరిలో నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలని, అప్పుడు ఎవరూ వెనకబడరని నార్వేవాళ్ల పద్ధతట. ఆ సంగతి అతను నాకు ఫోన్లో చెప్పాడు, అమ్మకి నేను చెప్పలేదు. "మీరు ముందు నడవండి అమ్మా," అని మాత్రం అన్నాడు. అమ్మ నడుం నిటారైంది. తోటలో ముందు నడిచేది పని చేయించే మేస్త్రి, కంగాణి.

గేటు పక్కన బోర్డు ఉంది. పసుపు పట్టీ వేసిన చెట్ల వెంట నడవమని మలయ్‌లో రాసి ఉంది. తిబన్ చదివాడు, నేనూ చదివాను. అమ్మ అప్పటికే పది అడుగులు ముందుంది.

మొదటి మలుపులో దారి రెండుగా చీలింది. కుడివైపు చెట్టుకు పసుపు పట్టీ. అమ్మ దాన్ని పైనుంచి కిందికి చూసి, ఎడమ దారి పట్టింది. తిబన్ నోరు తెరిచాడు. నేను కళ్లు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపాను. అతను నోరు మూసుకున్నాడు.

ఎడమ దారి ఎవరో వదిలేసిన పాత రబ్బరు తోటలోకి పోయింది. అక్కడ మా అమ్మ ఒక్కసారిగా ముప్పై ఏళ్లు చిన్నదైపోయింది. చెట్టు చెట్టుకీ ఆగి, బెరడు మీద పాత కోతల్ని బొటనవేలితో తడిమింది.

"ఇలా రా పాప. ఈ గీత సూడు. ఎడం పక్క పైనించి కుడి పక్క కిందికి కొయ్యాల. లోతెక్కువైతే సెట్టుకి పుండు. తక్కువైతే పాలు రావు."

"చెట్టుకి నొప్పి లేదా పాట్టీ?" రుబిని తమిళ అమ్మమ్మల్ని పిలిచే పిలుపే పిలిచింది. వచ్చీరాని తెలుగు.

"సెయ్యి మంచిదైతే నొప్పెట్టదు లా." అమ్మ మాట చివర ఆ "లా" ఈ దేశం అంటించింది.

కింద రాలిన రబ్బరు గింజ ఒకటి ఏరి, అమ్మ దాన్ని రాయి మీద గబగబా రుద్ది రుబిని మోచేతికి ఆనించింది. వేడికి పిల్ల ఎగిరి గంతేసింది. మరు నిమిషంలో తనూ ఒక గింజ రుద్ది నాన్న వెంట పడింది. తిబన్ అంత ఒడ్డూ పొడుగూ పెట్టుకుని చెట్ల చుట్టూ పరుగెడుతుంటే అమ్మ పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో రెండు మలుపుల్లో కూడా పసుపు పట్టీ కనబడింది. రెండుసార్లూ అమ్మ రెండో దారే పట్టింది, నేను రెండుసార్లూ తిబన్‌కి తల అడ్డంగా ఊపాను. ఇంత సంతోషంగా ఉన్న మనిషిని ఆపడం ఎందుకులే అనుకున్నాను.

ముప్పావు గంట గడిచాక చెట్లు పల్చబడ్డాయి. అమ్మ ఆగింది.

"ఒలే ఉమా, ఆ కారు మన కారులాగే ఉంది."

మన కారే. చెరువు నీటి చుక్క కూడా చూడకుండా బయల్దేరిన చోటికే వచ్చాం. రబ్బరు తోట దారి ఎప్పుడూ అంతే, పాల బకెట్టుతో మొదలుపెట్టిన చోటికే తిరిగి చేరాలి కదా.

అమ్మ మొహంలో నవ్వు పోయింది. తిబన్ వైపు తిరిగింది.

"తంబీ, దారి తప్పినామని నీకు తెలుసా?"

అతను అబద్ధమాడొచ్చు. ఆడలేదు. "తెలుసు అమ్మా. మొదటి మలుపులోనే."

"మరేల సెప్పనేదు?"

తిబన్ నేలకేసి చూశాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు ఇంత సిగ్గేసేది కాదు.

"మా తోటలో రంగేసిన సెట్టంటే నరికేసే సెట్టు," అంది అమ్మ. "దొర రంగేయించినాడంటే ఆ వరసలోకి ఎవలూ ఎల్లకూడదు. నాకు తెలిసింది అదే. తెలిసినోడివి నువ్వు సెప్పాల గదా. రేపు నా కూతురు తప్పుదారిలో ఎల్తే ఇలాగే నవ్వుకుంటా ఎనకాల ఎల్తావా?"

కారు తలుపు తీసుకుని లోపల కూర్చుంది. "ఇంటికి పోదాం లా."

ఎనిమిదో మనిషి కథ కూడా ముగిసింది. రుబిని చేతిలో గింజ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు కోపం వచ్చింది, అమ్మ మీద కాదు, నా మీద. వెళ్లి కారు తలుపు పట్టుకున్నాను.

"ఆయన్ని ఆపింది నాను అమ్మా. సైగ సేసినాను."

"ఏల?"

"నీకు అడ్డం సెప్తే వద్దంటావని బయమేసినాది." మాట మొదలయ్యాక ఇక ఆగలేదు. "ఆ ఏడుగురికీ ఇలాగే నోరు మూసుకున్నాను. సెప్పులు వంకరగా ఇప్పినాయన నాకు నచ్చినాడు. సెప్పనేదు. తప్పుదారని తెలిసీ ఇరవై ఏళ్లు నీ ఎనకాలే నడిసినాను. తిబన్‌ని మాత్రం సేసుకుంటాను. నువ్వు ఔనన్నా, కాదన్నా."

అమ్మ తల తిప్పి నన్ను చూసింది. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఆ సెప్పులాయన నచ్చినాడా?"

"నచ్చినాడు."

"మరి అప్పుడు సెప్పాల గదే," అంది. అమ్మ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని దిగింది. "రంగు సెట్లు ఎక్కడున్నాయో సూపించండి."

మళ్లీ అమ్మే ముందు. ఈసారి వెనకనుంచి తిబన్, "కుడిపక్క అమ్మా," అని చెబుతూ వచ్చాడు. మొదట మెల్లగా, తరవాత ధైర్యంగా. వెదురు పొద దాటగానే చెరువు కనబడింది. కొండలన్నీ నీళ్లలో తలకిందులుగా నిలబడి ఉన్నాయి. ఒక ఉడుం మా ముందునుంచి తీరిగ్గా దారి దాటింది. అమ్మ దానికి దారిచ్చి, మా కంగాణికి కూడా ఇంత దర్జా లేదంది. ఒకచోట దారి చుట్టూ తిరిగి పోతోందని, అమ్మ బురదలోంచి అడ్డంపడి పోబోయింది.

"అటు కాదు," అన్నాం ముగ్గురం, ఒకేసారి.

అమ్మ అదిరిపడింది. తరవాత పొట్ట పట్టుకుని నవ్వింది, కళ్లలో నీళ్లు తిరిగేదాకా. "ఒక్క పూటలో ముగ్గురికీ నోరొచ్చినాది."

అవతలి గట్టున పెద్ద రాయి మీద కూర్చున్నాం. తిబన్ తను చేసిన దాల్చినచెక్క బన్నులు తీశాడు. కాస్త మాడాయని అమ్మ అతని మొహం మీదే చెప్పి, రెండు తింది. మూడోది చేతిలో పట్టుకుని, నీళ్లలో రాళ్లు విసురుతున్న రుబినిని చూస్తూ ఉండిపోయింది.

"ఈ మాట అప్పుడే సెప్పుంటే," అంది నాతో, "మోకాళ్లు బాగున్నప్పుడే మనవరాల్ని సంకనేసుకొని ఈ సెరువు సుట్టేదాన్ని గదే."

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ పైట కొంగుతో నా మొహం తుడిచింది, చిన్నప్పటిలాగే గట్టిగా, ముక్కు ఊడొచ్చేలా.

"ఒలే పాప, ఇలా రా," అని రుబినిని పిలిచింది. "ఎత్తుకునే వయసు దాటిపోనావు. నువ్వే నన్ను పట్టుకొని నడిపించు."

రుబిని తడి చేతులు గౌనుకు తుడుచుకుని, రెండు చేతులూ చాపింది. అమ్మ వాటిని పట్టుకుని లేచింది. మిగిలిన సగం చెరువు చుట్టూ తిబనూ నేనూ వాళ్లిద్దరి వెనకే నడిచాం.