గట్టురాయి నడక

పొద్దు పొడవగానే యల్లయ్య దొడ్డి తడిక తీసి, గొర్రెలను ఒక్కొక్కదాన్నే మోకాళ్ల నడుమ నుంచి వదులుతూ లెక్కపెట్టుకుంటాడు. ఆ పని అయినాక చేను మధ్యనున్న తుమ్మచెట్టు మొదట్లో నిలబడి, పడమటి గట్టు దిక్కు అడుగులు లెక్కపెట్టుకుంటూ పెండ్లాం సమాధి దాకా పోతాడు. ఆమె పేరు పెద్దమ్మ. పోయి ఆరేండ్లయింది. మట్టి పోసిన నాడు నలభై అడుగులు. ఇప్పుడు నలభై మూడు పడుతున్నాయి.

"కాళ్లు కురచబడినట్టుండాయి," అన్నాడు ఆ పొద్దు, సంగటి తెచ్చిన కోడలు సుబ్బులమ్మతో.

"కాళ్లు కాదు మామా, లెక్క కురచబడింది. నిన్న గొర్రెలు అరవై ఒకటంటివి. చూస్తే అరవై రెండుండె."

"పక్కన నువ్వు వాగుతాంటే లెక్క యాడ నిలుస్తాది?"

కంభానికీ బేస్తవారిపేటకూ నడుమ ఉన్న ఆ ఊరి పక్కనే గుల్లలవాగు. వాగు రాళ్లలో రాతిగుల్లలుంటాయి. కొన్ని గోరంత, కొన్ని అరచేయంత. ఎప్పటివో ఎవరికీ తెలియదు. అవి ఏడాదికి జానెడు లెక్కన పడమటికి నడుస్తాయి. గుల్లలున్న రాయి గుల్లలతోనే పోతుంది. ఊరివాళ్లకు అందులో వింతేమీ లేదు. వాగురాయిని గడపకు పెట్టరు, అంతే. పెడితే పదేండ్లకు గడప ఇంటిని వదిలి పోతుంది.

నక్కలు తోడకుండా పెద్దమ్మ సమాధి మీద పేర్చడానికి దగ్గరలో వేరే రాళ్లు దొరకక, యల్లయ్య ఆ వాగు రాళ్లనే మోసుకొచ్చినాడు. జారిపోతే ఏటా మళ్లా సర్దవచ్చులే అనుకున్నాడు. ఆరేండ్లయినా ఒక్క రాయి మట్టి మీద నుంచి జారలేదు. బతికినన్నాళ్లూ పెద్దమ్మ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు, రాళ్లు మాత్రం ఎట్ల చెబుతాయిలే అనుకున్నాడు.

సోమవారం నాడు కరణం నరసింహం చేలు కొలిచే గొలుసు పట్టుకొని వచ్చినాడు. పడమటి చేను ఓబులేసుది. ఈ ఏడు సజ్జ విత్తేటప్పుడు నాలుగు సాళ్లు తగ్గినాయని అతను చేను కొలిపించుకున్నాడు. గొలుసు రెండుసార్లు పరిచినారు. రెండుసార్లూ ఓబులేసు చేను ఎనిమిది గజాలు తక్కువ. యల్లయ్య చేను ఎనిమిది గజాలు ఎక్కువ. తెల్లగా సున్నం కొట్టిన గట్టురాయి ఓబులేసు చేలోకి చొచ్చి నిలబడి ఉంది.

"మామా, నువ్వు జరిపినావని నేననడంల్యా," అన్నాడు ఓబులేసు, కంటికి కన్ను కలపకుండా.

"మరెవరంటాండారు అల్లుడా?"

"గొలుసు అంటాంది."

"నేను ఆ రాయిని ముట్టుకోలేదు."

"ముట్టకుండా రాయి ఎట్ల జరుగుతాదయ్యా?" అన్నాడు నరసింహం. "శుక్రవారం పోలేరమ్మ ముందర తడిబట్టలతో నిలబడి, రాయి పెట్టిన చోటనే ఉందని ప్రమాణం చెయ్యి. చేస్తే గొలుసు తప్పని రాసుకుంటా. చెయ్యకపోతే ఆ ఎనిమిది గజాలూ ఓబులేసుకు పోతాయి. గట్టు జరిపినోడన్న పేరు నీకుంటాది."

ఆ ఎనిమిది గజాలలోనే పెద్దమ్మ ఉంది. తొలివాన పడగానే ఓబులేసు నాగలి కడతాడు.

యల్లయ్య గట్టురాయి దగ్గరికి పోయి నిలబడినాడు. నా చెయ్యి పడలేదని ప్రమాణం చెయ్యమంటే చేసేవాడే. రాయి పెట్టిన చోటనే ఉందని ఎట్ల చేసేది? చిన్నప్పుడు పొద్దుగూకేటప్పుడు ఆ రాయి నీడ తుమ్మచెట్టు మొదటికి అందేది. ఇప్పుడు అందడం లేదు. నీడ కురచబడిందా, చెట్టు వెనక్కి పోయిందా, తన కాళ్లే మోసం చేస్తున్నాయా?

బుధవారం కంభం స్టేషన్లో రైలు దిగి, బండి కట్టించుకొని మద్రాసు కాలేజీ అయ్యవారు ఒకాయన వాగుకు వచ్చినాడు. పేరు వరప్రసాదం. ఖాకీ నిక్కరు, నెత్తిన బెండు టోపీ, చేతిలో సుత్తి, చంకలో చెక్కపెట్టె. ఎండకు తాళలేక మజ్జిగ కోసం దొడ్డి దగ్గర ఆగినాడు.

"తాతా, మీ వాగులో గుల్లలు ఎటు నడుస్తాయి?"

"పడమటికి."

వరప్రసాదం పెట్టె తెరిచినాడు. దూది పరుపు మీద రాతిగుల్లలు, అన్నీ ఒక మూలకు పోగై ఉన్నాయి. "ఇవి ఆఫ్రికా తూర్పు ఒడ్డున తవ్వినవి. రోజూ సర్దుతాను, రోజూ తూర్పు మూలకే చేరతాయి. కూలీలు కుదిపేస్తున్నారని వాళ్లని తిట్టాను కూడా." ఆయన వాగులో ఏరుకొచ్చిన గుల్లను వాటిలో ఒకదాని పక్కన పెట్టినాడు. గీతలు, మెలిక, అంచు మీది పళ్లు, అన్నీ ఒకటే. "ఈ జీవి మోకాటి లోతు నీళ్లలో బతికేది. నడుమ చూస్తే అంత లోతు సముద్రం. ఎలా దాటిందో ఏడేళ్లుగా అర్థం కాక చస్తున్నాను."

యల్లయ్య రెండు గుల్లలనూ అరచేతిలో తిప్పి చూసినాడు. తరవాత ఒక గొర్రెను పట్టి దాని చెవి వంచి చూపించినాడు.

"మా ఇంటి కోత ఇది. ఎడమ చెవి కింద రెండు గంట్లు. ఒక ఏడు వాగు పొంగింది. తగ్గినాక అవతలి ఒడ్డున గురవయ్య మందలో రెండు గంట్ల గొర్రెలు కనపడినాయి. గొర్రె వరదలో ఈదలేదు. అంటే ఏంది? పొంగక ముందే అవి అటు మేస్తాండాయి. అంతా ఒకే బీడు. నీళ్లు ఎనక వచ్చినాయి."

వరప్రసాదం గ్లాసు కింద పెట్టినాడు. "నడుమ ఏదో నేల వంతెన ఉండేదనీ, అది మునిగిపోయిందనీ అంటారు పెద్దపెద్దవాళ్లు."

"వంతెన మునిగితే గుల్లలకు ఈ నడక ఎందుకు సామీ? మంద చీలిపోయింది. దొడ్డి వెతుక్కుంటాండాయి."

ఆయన గుల్లలను పెట్టెలో సర్దుకున్నాడు. లేచి పోతూ పోతూ దారిలో ఉన్న గట్టురాయిని అలవాటు కొద్దీ సుత్తితో తట్టినాడు. పెచ్చు ఊడింది. గట్టురాళ్లకు ఏటా సున్నం కొట్టాలని సర్కారు ఉత్తరువు. నలభై ఏండ్ల సున్నం వేలి మందాన పేరుకొని ఉంది. దాని కింద రాయి నిండా గుల్లలు.

యల్లయ్య ఆ గుల్లలను వేలితో తడిమినాడు. ఆయన దొడ్డిలో గొర్రెలు ఉప్పు నాకే రాయి ఒకటి ఉంది. దాని మీద సర్కారు గట్టురాళ్లకుండే బాణం గుర్తు, సగానికి విరిగింది. సర్వేవాళ్లు ఇచ్చిన రాయి బండిలో విరిగిందని నాయన చెప్పినాడు. దాని బదులు గట్టు మీద ఏం పెట్టినావని ఆయన ఏనాడూ నాయనను అడగలేదు.

శుక్రవారం ఊరంతా పోలేరమ్మ దగ్గర కూడింది. యల్లయ్య పొడిబట్టలతో వచ్చినాడు.

"ప్రమాణం లేదు," అన్నాడు. "రాయి జరిగింది. నేను జరపలా. అది వాగురాయి. మా నాయన పెట్టినాడు, సర్కారు రాయి విరిగిందని భయపడి."

నరసింహం తల పట్టుకున్నాడు. "వాగురాయిని తెచ్చి గట్టుకు పెడతారటయ్యా ఎవరన్నా!"

అంతటితో జనానికి అనుమానం తీరిపోయింది. వాగురాయి నడవకపోతే గదా అడగాల్సింది. ఓబులేసు మాత్రం కాలి బొటనవేలితో మట్టి గీకుతూ నిలబడినాడు.

"అయితే ఎనిమిది గజాలు నావే గదా మామా."

"నీవే."

"అత్త సమాధి..." అన్నాడు. "నా ఎద్దులు నేరుగా పోయేవి. సాలు వంకర తిప్పితే నిలబడిపోతాయి. ఏం చెయ్యాలో నాకూ తెలీడంల్యా."

గట్టురాయి మీద మనిషి చెయ్యి పడాలంటే మార్కాపురం కచేరీ నుంచి ఉత్తరువు రావాలని, రెండేండ్లు పడుతుందని నరసింహం చెప్పినాడు.

"చెయ్యి పడకుండా అదే పోతే?" అన్నాడు యల్లయ్య, గుంపు అంచున పెట్టెతో నిలబడిన వరప్రసాదం దిక్కు చూస్తూ.

వరప్రసాదానికి అర్థమైంది: జతగుల్లను దగ్గరలో పెడితే రాయి దాని దిక్కే నడుస్తుంది. ఆ జాతి ఆఫ్రికా గుల్ల పెట్టెలో ఒక్కటే ఉంది. అది లేకుండా మద్రాసులో ఆయన మాట ఎవరూ నమ్మరు. కాసేపు పెట్టె మూత వేసినాడు, తీసినాడు. ఆఖరుకు గుల్లను తీసి యల్లయ్య చేతిలో పెట్టి, చెవిలో అన్నాడు: "సమాధికి పడమటి పక్కన పెట్టు తాతా. రాయి అక్కడే ఆగుతుంది, సమాధి నీ చేలోనే ఉంటుంది. మిగిలిన గజాల తేడా ఎవరడుగుతారు?"

"పెద్దమ్మ అడుగుతాది. పరాయి చేను కాజేసి పండబెడితే లేచి కూర్చోని తిడతాది."

గొలుసు చూపించిన పాత చోట యల్లయ్య జానెడు గుంత తవ్వి గుల్లను పూడ్చినాడు. అది తుమ్మచెట్టు దిక్కు, సమాధికి చాలా ఇవతల. గట్టురాయి అక్కడికి వచ్చి నిలిచినాక సమాధి అవతల పడుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు.

మరునాటికి రాయి మూడు గజాలు వెనక్కి వచ్చింది. మేత చూసిన గొర్రె మాదిరి దాని నడకే మారిపోయింది. వాగులో గుల్లలన్నీ కూడా ఇటు తిరిగినాయని బట్టలుతకబోయినవాళ్లు చెప్పినారు. యల్లయ్య చేను దిక్కు పోలేదు. దొడ్డిలో గొర్రెలను మూడుసార్లు లెక్కపెట్టినాడు. మూడుసార్లూ మూడు లెక్కలు వచ్చినాయి.

మూడో పొద్దున సుబ్బులమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మామా, రాయి గుంతలో నిలబడింది. అత్త..."

"దున్నుతాండాడా?"

"నువ్వు రా."

గట్టురాయి పాత చోట నిటారుగా నిలబడి ఉంది. ఓబులేసు తన చేలో ఎద్దులను విప్పి, తలపాగా చేతిలో పట్టుకొని చూస్తున్నాడు. అతని చేలో సమాధి లేదు. అక్కడి నుంచి చాప ఈడ్చినట్టు నున్నటి జాడ ఒకటి తూర్పుకు వచ్చి ఉంది. ముందుపోతు వెంట మంద వచ్చినట్టు, గట్టురాయికి ఇవతల, యల్లయ్య చేలో, సమాధి దానికి ఆనుకొని పడుకొని ఉంది. పేర్చిన వాగురాళ్లలో ఒక్కటి కూడా జారలేదు.

నరసింహం గొలుసు పరిచి, సరిపోయిందని రాసుకొని పోయినాడు. వరప్రసాదం ఆ జాడను అటు కొలిచి, ఇటు కొలిచి, పుస్తకంలో ఏదో రాసి కొట్టేసినాడు. చివరకు రెండు గంట్లున్న గొర్రెచెవి బొమ్మ ఒకటి గీసుకొని బండెక్కినాడు.

యల్లయ్య తుమ్మచెట్టు మొదటికి పోయి నిలబడినాడు. ఈసారి మెల్లగా, ఒక్కొక్క అడుగూ పైకి లెక్కపెట్టుకుంటూ నడిచినాడు. ముప్పై ఒకటి. వెనక్కి పోయి మళ్లా నడిచినాడు. ముప్పై ఒకటే.

"ఏంది మామా, ఇంగా లెక్క తేలలేదా?" అంది సుబ్బులమ్మ.

ఆయన సమాధి పక్కన కూర్చొని రెండు కాళ్లూ బారజాపి, మోకాళ్లు నిమురుకుంటూ వాటినే చూసుకున్నాడు.

"కాళ్లలో తప్పేం లేదు పాపా," అన్నాడు.