వినిపించని పాట కోసం

మొదట అరికాళ్లకు వచ్చింది.

గచ్చు మీదుగా పాకి, చాప కిందికి దూరి, అరికాళ్లలోకి ఎక్కింది. ధూమ్... ధూమ్... ధూమ్... ఆ తర్వాతే చెవులకు అందింది.

రఘుపతి మొహం ముడుచుకున్నాడు. ఇది కూడా వినిపించింది.

పాట మార్చాడు.

సెంటినరీ కాలనీలో మధ్యాహ్నం. రోహిణి కార్తె. బయట వేప ఆకు కదలడం లేదు. లోపల కూలరు ఆపేశాడు — దాని హోరులో పాట తెలియదని. అనసూర్య చెంగుతో మెడ తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, కూలరును ఓసారి, కొత్త స్పీకరు పెట్టెను ఓసారి, భర్తను ఓసారి చూసి వెళ్లిపోయింది. పాతికేళ్ల కాపురంలో ఈ మనిషి ఒక్క పాటైనా పూర్తిగా వినడం ఆమె చూడలేదు.

పెట్టె ఇస్హాక్‌ది. గోదావరిఖనిలో స్పీకర్లు బిగించి ఇచ్చే దుకాణం అతనిది. కొనేముందు రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని చూడమని పొద్దున తెచ్చి, ఫోనుకు కలిపి, ఏ పాటతో ఎట్లా పరీక్షించాలో అట్టముక్క మీద వరుసగా రాసిచ్చి పోయాడు.

"డీజే పాట పెట్టి మోసపోకు అన్నా. అది ఒక్క తాన్నే గుద్దుతది. కిందికి దిగే పాట పెట్టు. ఎంత లోతుకు దిగినా సాఫ్‌గ ఇనబడాలె."

దిగడం గురించి చెప్పాడు — రఘుపతికి.

ఇరవై ఎనిమిదేళ్లుగా బొగ్గు బావిలోకి దిగుతున్నాడు రఘుపతి. మొదట తట్టలతో బొగ్గెత్తాడు. తర్వాత పరీక్ష పాసై సర్దార్ అయ్యాడు. సర్దార్ అంటే అందరికంటే ముందు వెళ్లి గని కప్పును చూసేవాడు. నిజానికి చూసేదేమీ లేదు, వినడమే. రాడ్డుతో కప్పును తడతాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. పొర విడిపోయిన కప్పు డొల్లగా, లోతుగా మూలుగుతుంది. ఆ మూలుగు వినిపిస్తే మనుషుల్ని వెనక్కి పంపాలి.

వినిపించకపోతే...

ఆరు రోజుల కిందట వినిపించలేదు.

వినిపించకపోయి ఉండాలి.

మలుపు దగ్గర మంచమంత బండ ఊడి, తన కింద పనిచేసే పోశం మోకాలి మీద పడింది. దానికి గంట ముందే రఘుపతి ఆ దారిన వెళ్లాడు. వెళ్లి, 'కప్పు బాగుంది' అని రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. పోశం ఇప్పుడు దవాఖానలో ఉన్నాడు. కాలు నిలుస్తుందో లేదో డాక్టర్లు ఇంకా చెప్పడం లేదు. రేపు పది గంటలకు విచారణ.

తోటివాళ్లు ఇంటికొచ్చి ధైర్యం చెప్పారు. ఇన్నేళ్లు డ్రిల్లు మిషన్ల మోతలో పనిచేసినవాడివి, చెవులు పోయుంటాయి, రేపు ఆ మాటే చెప్పు అన్నారు. చెవి పోతే తప్పు మనిషిది కాదన్నారు. డాక్టరు కాగితం రాసిస్తాడు, పైన కూర్చునే పని ఏదో చూపిస్తారు, అయిపోతుంది అన్నారు.

ఆ మాట రఘుపతిని పట్టుకుంది.

నిజంగానే పోయాయేమో. అన్నీ కాకపోయినా... ఆ లోతు శబ్దాలు మాత్రం పోయాయేమో.

డాక్టరు చెప్పేలోగా తనకు తెలియాలి. అందుకే ఈ పెట్టె. ఇస్హాక్ అనుకుంటున్నట్టు అతను పెట్టెను పరీక్షించడం లేదు. తనకు వినిపించని పాట ఒక్కటి — ఒక్కటంటే ఒక్కటి — దొరక్కపోతుందా అని వెతుకుతున్నాడు.

తబలా పెట్టాడు. ఎడమ చేతి మణికట్టును తోలు మీద నొక్కి జరిపినప్పుడు గుమ్మని వచ్చే శబ్దం...

వినిపించింది.

కాసిపేటలో మేనల్లుడి పెళ్లికి ఫోనులో పట్టుకున్న డప్పులు పెట్టాడు. మంటకు కాచిన డప్పు పలుచగా, పదునుగా మోగుతుంది. ఇది ఎందుకూ పనికిరాదని సగంలోనే తీసేశాడు.

తర్వాత ఏదో దేశంలోని చర్చి వాయిద్యం. దానికి తాటిచెట్టంత గొట్టాలు ఉంటాయట. అన్నిటికంటే పొడుగుది మోగితే శబ్దం వచ్చినట్టే ఉండదు, గదిలో గాలి బరువెక్కినట్టు ఉంటుందని ఇస్హాక్ చెప్పాడు. రఘుపతి ఆశగా కళ్లు మూసుకున్నాడు.

గాలి బరువెక్కింది.

వినిపించింది.

అంత కిందనుంచి, అంత మెల్లగా వచ్చేది కూడా వినిపించింది.

రఘుపతికి ఏడుపొచ్చినంత పనైంది. చెవులు బాగుండాలని మొక్కుకునేవాళ్లు ఉంటారు. చెడిపోవాలని మొక్కుకునేవాడు తనొక్కడే అయ్యుంటాడు.

లేచాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచి గుమ్మం దాకా వెళ్లి వచ్చాడు. వేప ఆకు కదలడం లేదు.

ఆ మలుపు దగ్గర తట్టాడు. తట్టే ఉంటాడు. షిఫ్టు అయిపోవస్తోంది, పిక్కలు లాగుతున్నాయి, ముందు రోజు చూసిన కప్పే... అయినా తట్టే ఉంటాడు. చేయి పైకి లేచినట్టు గుర్తు. శబ్దమే గుర్తు లేదు. గుర్తు లేదంటే వినిపించలేదనే కదా.

పోశం కూడా అదే అంటున్నాడు. మంచం దగ్గరికి వచ్చిన ప్రతి ఆఫీసరుకూ సర్దారన్న కొట్టి చూసిండనే చెబుతున్నాడట. అది తెలిసినప్పటి నుంచి రఘుపతికి అన్నం దిగడం లేదు. చూసొద్దామని రెండుసార్లు బయలుదేరి, రెండుసార్లూ బస్టాండు నుంచే తిరిగొచ్చాడు.

అట్టముక్క మీద ఇంకొక్కటే మిగిలింది. మనిషి లోపల నిలబడగలిగేంత పెద్ద డోలు. దీన్ని మించిన లోతు తన దగ్గర లేదని ఇస్హాక్ ముందే చెప్పాడు.

రఘుపతి ఫోను మీద వేలు పెట్టాడు. ఊపిరి బిగపట్టాడు.

కిటికీ రెక్క వణికింది.

అలమరలో స్టీలు గ్లాసులు గలగలలాడాయి. గచ్చు కదిలింది. వంటింట్లో మూత ఒకటి కింద పడి గిర్రున తిరిగింది.

డోలు మాత్రం వినిపించలేదు.

ఒక్క దెబ్బ... ఒక్కటి కూడా వినిపించలేదు. ఇల్లంతా ఊగింది, అతని చెవుల్లో ఏమీ లేదు.

పోయాయి. చెవులు పోయాయి. ఆరు రోజులుగా ఛాతీ మీద కూర్చున్నదేదో ఒక్కసారిగా లేచిపోయింది. ఫోను చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలోకి పరుగెత్తాడు.

"అనసూర్యా, నీకు ఇనబడ్డదా? నాకు ఇనబడలే. ఒట్టు, నాకేం ఇనబడలే."

నవ్వుతున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

అనసూర్య వంగి మూత తీసింది. అతని మొహం చూసింది. చేతిలోని ఫోను చూసింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. నెట్టు సరిగ్గా అందక పాట ఇంకా మొదలే కాలేదు.

"గది బ్లాస్టింగ్," అంది మెల్లగా. "రోజు గీ యాళ్లకు అయ్యేదే గద. నీ పాట ఇంక రానేలేదు."

పక్కనే ఉన్న ఓపెన్‌కాస్టు గనిలో రోజూ బండలు పేలుస్తారు. రోజూ ఇళ్లు ఊగుతాయి. కొత్తగా వచ్చిన చుట్టాలు హడలిపోయి బయటికి ఉరికితే కాలనీవాళ్లు నవ్వుకుంటారు. ఆ మోతను పట్టించుకోవడం ఇక్కడి చెవులు ఎప్పుడో మానేశాయి. గిన్నో మూతో పడితేనే బ్లాస్టింగ్ అయిందని తెలుస్తుంది. ఈ వీధిలో ఎవరిని అడిగినా, ఇప్పుడేమీ వినిపించలేదనే అంటారు.

చక్రం ఆగింది.

ముందు గదిలో డోలు మొదలైంది.

ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకో దెబ్బ.

దెబ్బ వినిపించింది. దెబ్బ తర్వాత ఆ తోలు కిందికి... ఇంకా కిందికి దిగుతూ మూలిగే మూలుగు — అదీ వినిపించింది. ఉందో లేదో అన్నంతగా సన్నగిల్లి ఆగిపోయిన చోటు కూడా వినిపించింది.

రఘుపతికి ఆ మూలుగు తెలుసు. నిద్రలో విన్నా లేచి నిలబడతాడు. ఆ రోజు మలుపు దగ్గర అది మోగి ఉంటే, వినకుండా దాటేవాడు కాదు.

గుమ్మానికి ఆనుకుని అట్లాగే జారి కూర్చుండిపోయాడు.

"నా చెవులు మంచిగనే ఉన్నయ్," అన్నాడు. "నేను ఆడ కొట్టలే, అనసూర్యా. కొట్టకుండనే దాటిపోయిన."

ఆమె పొయ్యి ఆపింది. మూత ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడింది. కోపం వచ్చింది ఆమెకు. దాని వెనకే జాలి వచ్చింది. రెంటిలో ఏదీ బయటికి రానివ్వకుండా వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది.

"పోశానికి ఎర్కేనా?"

"ఎర్కే. గప్పుడు నా పక్కనే ఉన్నడు."

ఆమె మూతను నేల మీద పెట్టింది.

రేపు పది గంటలకు అడుగుతారు. రఘుపతి నోరు విప్పకపోతే పోశం చెప్పిందే నిజమైపోతుంది. కాలు పోయినా, నిలిచినా, ఆ మనిషి మాట మార్చడు.

ముందు గదిలో డోలు మోగుతూనే ఉంది... ఒక దెబ్బ... ఆగి, ఇంకో దెబ్బ...

ఆపడానికి ఇద్దరిలో ఎవరూ లేవలేదు.