ఎవరి తాళం వాళ్లది

రావిర్యాల పక్కన కడుతున్న మందుల ఫ్యాక్టరీలో చేరిన నాడు ప్రేమ్ రాజ్ చేతిలో ఉన్నవి తక్కువే: కెమికల్ ఇంజినీరింగ్ పట్టా, మామిడిపల్లిలో కిరాయి గది, తండ్రి ఆనందం ఇచ్చిన ఒక ఎర్ర తాళం. ఆనందానికి ఆరాంఘర్‌లో ఇనుప సామాన్ల దుకాణం. కొడుక్కి ఆయన నేర్పిన చదువు ఒక్కటే, ఏ బేరంలోనైనా ఇచ్చేదేమిటో, వచ్చేదేమిటో చూసుకుని మరీ సంతకం పెట్టమని.

కొత్త ప్లాంటును తొలిసారి నడిపించడం ప్రేమ్ రాజ్ పని. గొట్టాల్లోకి ముందు నీళ్లు, తర్వాత ఆవిరి, చివరికి రసాయనం పంపి, ఎక్కడా కారడం లేదని తేల్చి అప్పగించాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ప్లాంటు ఎంత బాగా నడిస్తే ఇంజినీరు అంత త్వరగా రోడ్డున పడతాడు. అతను అలా ఇప్పటికే రెండుసార్లు పడ్డాడు.

తాళం ఎందుకంటే, గొట్టం విప్పే ప్రతి మనిషీ ముందు దాని వాల్వు మూసి తన తాళం వేసుకోవాలి. పని ముగిశాక ఆ తాళం అతనే తీయాలి, ఇంకెవరూ ముట్టకూడదు. తనిఖీ అధికారులు వచ్చిన రోజున ఈ నియమాన్ని కూలీలకు మైకులో చెప్పింది కాంట్రాక్టర్ హరిప్రసాదే. "మీ ప్రాణం మీ జేబులో ఉందండీ!" అని తాళంచెవి ఎత్తి చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రారంభోత్సవానికి ముందురోజు పొద్దున కొండల్ ఆవిరి గొట్టం బిగిస్తున్నాడు. వాల్వుకు అతని తాళం ఉంది. హరిప్రసాద్‌కు తొందర. తాళం కోయించి వాల్వు తిప్పించాడు. కొండల్ కేక, గేటు బయట చాయ్ అమ్ముకునే అతని తల్లి సక్కుబాయి దాకా వినిపించింది. మోచేతుల దాకా పొక్కిపోయిన మనిషిని ఆటోలో కుదేసి, "మా మనిషి కాదండీ, రోజుకూలీ. సర్కారు దవాఖానకు తీసుకెళ్లండి," అన్నాడు హరిప్రసాద్.

ఆ వెంటనే ప్రేమ్ రాజ్‌ను పిలిచి ఒక కాగితం ముందుకు జరిపాడు. "అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టండి. కంపెనీవాళ్లతో మాట్లాడేశాను, రేపటి నుంచి మీరు వాళ్ల ఉద్యోగి, పర్మనెంట్. ఎన్నాళ్లండీ ఇలా తిరగడం?"

ఇచ్చేది ఒక సంతకం. వచ్చేది బతుకంతా జీతం. ప్రేమ్ రాజ్ కలం పట్టుకున్నాడు. "సాయంత్రం పెడతాను," అని లేచి వచ్చేశాడు.

మధ్యాహ్నం కూలీలంతా సక్కుబాయి చాయ్ బండి దగ్గర చేరారు.

"సంతకం అయ్యిందా సారూ?" వెల్డర్ మల్లేశ్వర్ ఎత్తిపొడిచాడు.

"ఇంక పెట్టలేదన్నా."

"ఇంక అంటే ఏంది? బేరం కుదరలేదా?"

అందరూ నవ్వారు, ఒక్క సక్కుబాయి తప్ప. కోడలు ఆటోలో కొండల్ వెంట వెళ్లింది. తాను మాత్రం కదల్లేదు. "నేను గూడ పోతే గీళ్లు మరిసిపోతరు," అంది.

"గా బాయిలర్ కూసున్న జాగ మా జొన్నచేను. చేను తీసుకొని కొలువిస్తమన్నరు, కూలి ఇచ్చిన్రు. ఇప్పుడు నా కొడుకు చేతులు తీసుకున్నరు. ఇగ నా తాన ఏమున్నది నాయనా ఇచ్చేటందుకు?"

ప్రేమ్ రాజ్‌కు లెక్క తేలిపోయింది. సంతకం తనదే కానీ, దానితో అమ్ముడుపోయేవి కొండల్ చేతులు. తనది కాని సరుకు ఆనందం దుకాణంలో ఎన్నడూ అమ్మలేదు.

"సమ్మె చేద్దాం," అన్నారు ఎవరో.

"చేస్తే గేటు బయటికి నూకి వేరేటోళ్లను తెస్తడు," అన్నాడు మల్లేశ్వర్.

"బయటికి పోవుడెందుకు?" అన్నాడు ప్రేమ్ రాజ్. "గొట్టం ఇంక విప్పే ఉన్నది. ఆడ పనిజేసే ప్రతి ఒక్కడు తాళం ఎయ్యాల్నని మైకుల చెప్పింది ఆయనే గదా. అందరం ఏద్దాం. కొండల్‌కు న్యాయం అయినంకనే తీద్దాం."

"నీ తాళం ముందు ఏస్తవా?"

"ఏస్త."

పెద్ద వాల్వు చక్రానికి గొలుసు చుట్టి ప్రేమ్ రాజ్ ముందుగా తన ఎర్ర తాళం వేశాడు. పక్కన మల్లేశ్వర్ వేశాడు. ఫిట్టర్లు వేశారు, మోతకూలీలు వేశారు. ఊడ్చే ఆడవాళ్లకు కంపెనీ తాళాలే ఇవ్వలేదు. వాళ్లు ఇళ్లకు పోయి తలుపుల తాళాలు తెచ్చారు. సక్కుబాయి తన చాయ్ డబ్బా తాళం వేసింది.

మరునాడు పందిరి కింద పెద్దమనుషులు పూలదండలతో కూర్చున్నారు. లోపల వాల్వు కనిపించనంతగా తాళాలు. హరిప్రసాద్ చెమటలు తుడుచుకుంటూ, "కొయ్యవయ్యా!" అని మల్లేశ్వర్ మీద అరిచాడు.

"నిన్న కోస్తేనే గద సారూ కొండల్ చేతులు కాలినయ్. నేను కొయ్య."

ఎస్సై వచ్చాడు. "ఎవడ్రా లీడరు?"

"తాళాలు లెక్కవెట్టుకో సారూ, గంతమంది," అంది సక్కుబాయి.

లాఠీలు లేచాయి. ఆడవాళ్లు వాల్వు చుట్టూ చేతులు పట్టుకుని కూర్చుండిపోయారు. ప్రేమ్ రాజ్‌నూ మల్లేశ్వర్‌నూ జీపెక్కించారు. పూలదండలు అలాగే వాడిపోయాయి.

వారం తిరగకముందే ఆనందం స్టేషన్‌కు వచ్చాడు. ఊచల అవతల నిలబడి, దుకాణం కట్టేశాక చెప్పుకునే లెక్కలా చెప్పాడు.

"కొండల్‌ను మంచి దవాఖానకు మార్చిన్రు. ఖర్చు, కొలువు కంపెనీదేనని రాసిచ్చిన్రు. గొట్టాలన్నీ మల్లా పరీక్ష చేస్తరట. నీ కొలువు పాయె."

"తాళాలు?"

"అందరు తీసిన్రు. మీ ఇద్దరివే మిగిలినయ్. ఎవడు ముట్టుకుంటడో సూద్దామని సక్కుబాయి ఆడనే కూసున్నది. కంపెనీ మేనేజరే మీ జామీను కాయితాలు వట్టుకొని బయట నిలవడ్డడు. మీరొచ్చి తీస్తేనే ఆవిరి."

మల్లేశ్వర్ పడీపడీ నవ్వాడు. ప్రేమ్ రాజ్ జేబులో తాళంచెవి తడుముకున్నాడు.

"ఇంకో మాట బిడ్డా. దుకాణంల ఎర్ర తాళం ఒక్కటి లేదు. పక్క ఫ్యాక్టరీలోళ్లు వచ్చి కొనుక్కపోయిన్రు."

"లాభమేనా బాపూ?"

"కొన్న ధరకే ఇచ్చిన," అన్నాడు ఆనందం. "మల్లా తెప్పిస్తున్న."