తూలే ఉయ్యాలకి తీపి మాట

ఉయ్యాల ఊగడం వేరు, తూలడం వేరు. ఈ చిన్న ముక్క మా ఓనరుకి తెలియదా? తెలుసు. తెలిసే నా ప్రాణం తీశాడు. నాకు ఒళ్లు మండేది అందుకే.

పసిపిల్లల ఉయ్యాలలు చేసే కంపెనీ మాది. అట్టపెట్టెల మీద ఇంగ్లీషు రాయడం నా పని. కొత్త మోడల్ ఎలా ఊగుతుందో చెప్పే ఒక్క మాట కావాలన్నారు. మా దగ్గర మాటల్ని ఏసీ గదిలో టీ తాగుతూ చేతులెత్తి ఓటేసి తేలుస్తారు. కింద షెడ్డులో ఉన్న సరుకుని మాత్రం ఎవడూ ముట్టుకోడు.

ఓనరు కుర్చీలో ముందుకీ వెనక్కీ ఊగుతూ "స్వింగ్?" అన్నాడు.

"అది పార్కులో పెద్దపిల్లల ఊగుడండీ," అన్నాడు సేల్స్ మేనేజర్.

"రాక్?"

"ముసలివాళ్ల కుర్చీ గుర్తొస్తుంది."

"ఆసిలేట్?"

"అది ఫ్యానులకి రాసుకుందాం సార్," అని పళ్లికిలించాడు. వెధవ నవ్వూ వాడూ.

చివరికి 'స్వే' దగ్గర ఆగారు. గాలికి పరదా కదిలినంత మెత్తగా ఉందట! ఇద్దరి చేతులూ లేచాయి.

నేను ఎత్తలేదు. పొద్దున్నే షెడ్డుకెళ్లి ఆ ఉయ్యాలని తోసి చూశాను మరి. కాసేపు బాగానే ఊగి, ఉన్నట్టుండి ఓ పక్కకి ఒరిగి గడగడలాడింది. బోల్టు పట్టడం లేదు.

"సార్, దీనికి సరైన మాట 'వాబుల్'. కాలు పొట్టిదైన స్టూలులా తూలుతోంది. ముందు బోల్టు మార్పించండి."

"ఛీ ఛీ, తాగుబోతు నడకలా ఉంది ఆ మాట! నీకెందుకమ్మాయ్ బోల్టుల గొడవ? మాట తీపిగా ఉంటే చాలు. అన్నట్టు, మీ చెల్లికి పాప పుట్టిందటగా? మొదటి ఉయ్యాల మీ ఇంటికే. నా కానుక అనుకో," అన్నాడు ఓనరు.

ఆ పసిగుడ్డుకి ఇంకా మెడ కూడా నిలవలేదు.

"మీ మనవరాలిదీ అదే వయసు కదండీ. మొదటిది తనకే పంపండి."

"మాకొద్దులే," అనేశాడు ఠక్కున. "మా పాపకి వేరే కంపెనీది తెప్పించాం." టీ చప్పరించాడు.

థూ! ఇంత సిగ్గులేని మనిషి ముందా ఇన్నాళ్లూ చేతులు కట్టుకుని నిలబడ్డాను?

ఆయన చూస్తుండగానే ల్యాప్‌టాప్‌లో 'స్వే' కొట్టేసి 'వాబుల్' అని టైపు చేసి, ప్రింటింగ్ వాళ్లకి పంపేశాను.

"ఏయ్, ఏం చేశావ్!" అని కుర్చీలోంచి లేచాడు.

"మీ పిల్లకి వద్దన్నది ఏ పిల్లకీ వద్దండీ," అన్నాను. బ్యాగు తీసుకుని బయటికి నడిచాను.